డెబ్బై మార్కుల బట్ట

మా పిన్ని చేసే పని చెబితే ఎవరైనా నవ్వుతారు. పొద్దున్నించి సాయంత్రందాకా బట్ట మీద నీళ్లు పోసి మార్కులు వేస్తుంది. కొండలెక్కేవాళ్లు వానలో వేసుకునే కోట్లు కుట్టే ఫ్యాక్టరీ మాది. బట్ట ముక్కని గుండ్రటి చట్రంలో డప్పులా బిగించి, ఏటవాలుగా పెట్టి, పైనుంచి గ్లాసుడు నీళ్లు వదిలి, చట్రాన్ని బల్ల అంచుకి ఒక్కసారి కొట్టాలి. చుక్క అంటుకోకపోతే నూరు. తడి మచ్చలు పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతాయి. కిటుకంతా ఆ దెబ్బలోనే ఉంది. గట్టిగా కొడితే అంటుకున్న చుక్కలు కూడా రాలిపోయి, చెడ్డ బట్ట కాస్తా మంచిదైపోతుంది. పందొమ్మిదేళ్లుగా పిన్ని దెబ్బ ఒక్కలాగే పడుతోంది. పక్క బల్ల దగ్గర చీటీలు అంటించే నేను కళ్లు మూసుకుని కూడా ఆ చప్పుడు గుర్తుపడతాను.

బాబాయి అక్కడే ముంచుడు గదిలో ఉండేవాడు. బట్టకి నీళ్లు అంటకుండా చేసే మందు తొట్టెలో ముంచి తీయడం ఆయన పని. మూడేళ్ల కిందట కిడ్నీలు పాడై చనిపోయాడు. మందువల్లే అని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. పిన్ని తర్వాతి సోమవారం వచ్చి చట్రం బిగించింది. ఒకసారి నేను గట్టిగా నిలదీస్తే, "ఏమీ అనిపించట్లేదే, ఏం చేయను?" అంది. అన్నం తిన్నావా అని అడిగితే వంటింటి సింకులో ఎంగిలి కంచం ఉందో లేదో చూసి చెప్పేది.

ఈ ఏడు వాళ్లబ్బాయిని, అంటే మా తమ్ముణ్ణి, బాబాయి చోటులో తీసుకున్నారు. చుట్టుపక్కల ఇంకో పని దొరక్క వాడూ ఒప్పుకున్నాడు. నెలాఖరుకి ముంచుడు గదిలో దిగాలి. అప్పుడే కోట్లు కొనే కంపెనీ నుంచి కబురొచ్చింది. పాత మందు మట్టిలో కలిసినా, నీళ్లలో కలిసినా నశించదట, ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతుందట, కొత్త మందు వాడమన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సరే, ఇప్పటికైనా కడుగుతామన్నారు, సంతోషం. షరతు ఒకటే. కొత్త మందు పూసిన బట్ట ఇరవై ఉతుకుల తర్వాత ఎనభై తెచ్చుకోవాలి. లేకపోతే మళ్లీ పాత మందు పీపాలే.

పిన్ని ముందే ఒక ముక్క పరీక్షించింది. డెబ్బై. నాకొక్కదానికే చెప్పింది. ఆ వారమంతా వంటింట్లో తడి స్టీలు పళ్లాన్ని గట్టు అంచుకి కొడుతూ గట్టి దెబ్బ సాధన చేసింది. అబద్ధమాడటానికి కూడా ఇంత కసరత్తా అని ఎగతాళి చేశాను. "వాణ్ణి ఆ గదిలోకి పోనివ్వను," అంది, ఉల్లిపాయలు అయిపోయాయి అన్నంత మామూలుగా.

పరీక్ష రోజున కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి బల్ల పక్కనే నిలబడింది. పిన్ని నీళ్లు వదిలింది, చట్రం ఎత్తింది, కొట్టింది. అది నేను రోజూ వినే చప్పుడే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పందొమ్మిదేళ్లు అలవాటైన చెయ్యి అంతకంటే మొండిది. రెండో ముక్కకీ అంతే, మూడో ముక్కకీ అంతే. పిన్ని తన చేతిని ఒకసారి చూసుకుని డెబ్బై రాసింది. ఇంత నిక్కచ్చి మనిషిని ఎక్కడా చూడలేదని కంపెనీ ఆవిడ మెచ్చుకుంది. ఆవిడ నోరు మూసేయాలనిపించింది నాకు. ఇంకో ఏడాది పాత మందే అని తేల్చారు.

మర్నాడు పిన్ని మేనేజరు గదికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"నా బల్ల మావాడికివ్వండి సార్. పని నేను నేర్పుతాను. ముంచుడు గదిలోకి నేను పోతాను."

మేనేజరు ఆమె వయసు గురించి ఏదో గొణిగి ఒప్పుకున్నాడు. మనిషికి మనిషి సరిపోయింది కదా, ఆయనకేం? ఇంట్లో తమ్ముడు నానా రభస చేశాడు, రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం వాడి చెయ్యి పట్టుకుని దెబ్బ ఎలా వేయాలో నేర్పింది.

ఇప్పుడు నా పక్కన వాడు కూర్చుంటున్నాడు. పిన్ని పాత మందులో ముంచిన బట్టే రోజూ వాడి చట్రంలోకి వస్తుంది. నిన్న నీళ్లు పోశాడు, కొట్టాడు. బట్ట మీద ఒక్క చుక్క నిలవలేదు. చీటీ కోసం చెయ్యి చాచాను. వాడు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎంతరా?" అని అడిగాను.

"నూరక్కా," అన్నాడు తలెత్తకుండా. "మళ్లీ నూరే."