సొర నూనె వాసన లేని పుస్తకం

పోయిన నా పెనిమిటి మీద పిల్లల బొమ్మల పుస్తకం వేస్తున్నానని మా దీవుల పట్నంలోని మిడిల్ పాయింట్ నుంచి ఒక అమ్మాయి హోప్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చింది. చేతిలో రంగు కాగితాలు, ఒక ఒప్పుదల పత్రం, వేలిముద్రకి ఇంకు ప్యాడ్. ఆ ప్యాడ్ చూడగానే నాకు ఒళ్లు మండింది.

"నానీ, బస్, ఇక్కడ అంగూఠా పెట్టెయ్యండి. ఇంటివాళ్ల పర్మిషన్, అంతే" అంది, సొంత అమ్మమ్మని పిలిచినట్టు.

"అంగూఠా దేనికే? సదివి సంతకం పెడతాను. కళ్లజోడు తెచ్చుకోనీ."

అరవై దాటాక పాస్టరుగారి భార్య పలక ఇచ్చి నాకు అక్షరాలు దిద్దించిందని దానికేం తెలుసు?

మొదటి బొమ్మలో నా పెనిమిటి తెల్లటి గడ్డంతో, భుజం మీద చిలకతో డోంగీ పడవలకు కళ్లు గీస్తున్నాడు. మా ఇంట్లో ఏనాడూ చిలక లేదు. ఆయన గడ్డం తెల్లగానూ లేదు, పొగాకు ఉమ్ము కారి అట్టకట్టి ఉండేది. కన్ను గీసే ముందు ఒక రోజంతా పడవలో వెల్లకిలా పడుకుని, "ఇది ఎటు సూస్తాదో తెలియాలి కదా" అనేవాడని రాసింది. అది నిజమే. పడవ మనిషి గట్టు మీద కూర్చుని తిట్టుకునేవాడు.

మూడో కాగితంలో, "ఆయన రంగుల్లో సముద్రపు సువాసన ఉండేది" అని ఉంది.

సువాసనట!

గోల్ ఘర్ బజారులో కొన్న రంగు ఒక వానాకాలానికే పోతుందని ఆయన సొర చేప నూనెలో రంగు కలిపేవాడు. సొర కార్జాలు కోసి డబ్బాలో వేసి, పెరట్లో ఎండలో పెడితే, రోజుల తరబడి కుళ్లి కుళ్లి నూనె పైకి తేలుతుంది. రోజూ దాన్ని కర్రతో కలిపింది నేను. పురుగులు తీసింది నేను. ఆయన వచ్చి వేలు ముంచి నాకి, "ఇంకా రెండు రోజులు" అని, అదే చేత్తో అన్నం కలుపుకునేవాడు. నేను గోడ వైపు తిరిగి తినేదాన్ని. ఆ కంపు నా చీరల్లో, జుట్టులో ఇంకిపోయింది. ఏ సబ్బుకీ వదల్లేదు. చర్చిలో నేను కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునేటప్పుడు కూడా పక్కావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఆయన గీసిన కళ్లు మాత్రం ఏళ్లు గడిచినా వెలిసిపోలేదు. అందరూ ఆయన చెయ్యి గొప్పదన్నారు.

కాగితాలన్నీ తిరగేశాను. "ఇందులో నాను ఎక్కడే?"

"కహానీలో ఆయన అకేలా, ఒక్కడే నానీ. అలా ఉంటేనే పిల్లలకి మజా."

"నలభై ఏళ్లు ఆ డబ్బా కలిపిందెవరు, నీ సిలకా? నన్ను పెట్టకపోతే సంతకం లేదు."

"పక్కా పెడతాను నానీ, ప్రామిస్."

నమ్మి, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను.

పెట్టలేదని అనను. పుస్తకం వచ్చింది, అందులో నేనూ ఉన్నాను. పూల చీర, తళతళలాడే డబ్బా, ముప్పై రెండు పళ్లు. కింద ఒక వాక్యం: "ఆమె నవ్వుతూ రంగులు కలిపేది." పుస్తకం ఠపీమని మూసేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ పిల్లల ముందు పుస్తకం విప్పారు. మా పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే కూడబలుక్కుంటారు. అందుకని నన్నే చదవమన్నారు. ఆ అమ్మాయి వెనకాల నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తోంది. చిలక పేజీ చదివాను. సువాసన పేజీ పళ్లు బిగపట్టి చదివాను. నా పేజీ వచ్చింది.

"ఆమె ముక్కుకి గుడ్డ కట్టుకుని, మొగుణ్ణి తిట్టుకుంటూ, కుళ్లిన సొర కార్జాలు కలిపేది. పురుగులు తేలేవి. ఆయన వేలు ముంచి నాకేవాడు" అని చదివాను.

"ఛీ! యాక్!" పిల్లలంతా ఒక్కసారి ముక్కులు మూసుకున్నారు. "సచ్చీ, దాదీ? నిజంగానా?"

"సచ్చే."

"నానీ, నేను అలా రాయలేదు కదా!" అంది వెనక నుంచి ఆ అమ్మాయి.

"కళ్లు ఆనడం లేదే అమ్మా" అన్నాను.

"దాదీ, ఆ పేజీ ఫిర్ సే, ఇంకోసారి!" అని పిల్లలు ముందుకు జరిగి నన్ను ఆనుకుని కూర్చున్నారు. నేను కళ్లజోడు సర్దుకుని, ఈసారి చర్చిలో బెంచీ ఖాళీ అయ్యే సంగతి కూడా కలిపి చదివాను.