గొంగడి పేలిక కట్టిన తుమ్మచెట్టు

1355 ఫసలీ, ఫాల్గుణ బహుళ తదియ.

మా పక్కింటి గొర్రెల కాపరి నిన్న పొద్దున పోయాడు. మూడు రోజుల జ్వరం. ఆయన మంచితనం తలుచుకోవడానికి పది రోజులు ఆగవచ్చు. ఆయన కాపాడిన గద్ద గూటిలో పిల్ల ఆగదు. అందుకే ఈ పూటే రాస్తున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపించండి.

మా స్నేహం తగాదాతో మొదలైంది. ఐదేళ్ల కిందట నా పదకొండు కోడిపిల్లల్లో నాలుగు మాయమయ్యాయి. కేతేపల్లి బాట పక్క గుట్ట మీద, తుమ్మచెట్టులో పెద్ద గద్ద గూడు పెట్టిందని విన్నాను. మేకలకు కొమ్మలు కొట్టేటప్పుడు దాన్ని పడగొట్టమని ఆయనకు గట్టిగా చెప్పాను.

ఆయన నన్ను మరునాడు వెంట తీసుకుపోయి, బండ పక్కన కూర్చోబెట్టి, కదలవద్దన్నాడు. బడిలో ఇరవై ఏళ్లు నేను పిల్లలకు చెప్పిన మాట అది.

తెల్లని కడుపు, గుడ్లగూబలా గుండ్రటి తల ఉన్న పక్షి గాలిలో ఒకేచోట నిలబడింది. చాలాసేపు కిందికి చూసి, కాళ్లు చాచి దిగింది. లేచేసరికి కాళ్లలో పాము. ఎగురుతూనే తలవైపు నుంచి మింగి, ముక్కు నుంచి తోక వేలాడుతుండగా గూటికి చేరింది. పిల్ల ఆ తోక పట్టుకొని, బావిలోంచి చేదతాడు లాగినట్టు పాము మొత్తాన్ని బయటికి లాగింది.

“పాముల గద్ద. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తది,” అన్నాడు. “గిది చూసినంక గూడ నీ కోడిపిల్లలను దీని లెక్కల రాస్తవా, పంతులమ్మా?”

వారం తర్వాత మా గాదె వెనక ఈకలు దొరికాయి. దొంగ మా పిల్లి. వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. అప్పటి నుంచి మా గడప ముందు పోతూ ఆయన ఏనాడూ నా క్షేమం అడగలేదు. “పిల్లి మంచిగున్నదా?” అనేవాడు.

ఏటా ఆ పక్షి గూడు కట్టిన చెట్టు మొదలుకు తన గొంగడి అంచు చింపి కట్టేవాడు. అది చూసి మిగతా కాపరులు ఆ చెట్టు మీద కత్తి వేసేవారు కారు. ఎండలకు ఆకు దొరకని రోజుల్లో ఆయన కూడా తన మేకలను పక్కనుంచి తోలుకుపోయేవాడు. గొంగడి ఏటేటా పొట్టిదైంది.

ఈ ఏడు కట్టిన పేలిక మొన్నటి గాలికి ఊడిపోయింది. జ్వరంలో కూడా “చెట్టుకు కట్టిన్రా?” అని అడిగాడని ఆయన కూతురు చెప్పింది. ఎవరూ కట్టలేదు. గుట్ట మీద ఇప్పుడు పచ్చగా మిగిలింది ఆ చెట్టొక్కటే. పిల్లకు ఇంకా ఎగిరే రెక్కలు రాలేదు.

ఇక జరగవలసినవి:

1. పిల్ల ఎగిరిపోయేదాకా ఆ చెట్టు కొమ్మలు ఎవరూ కొట్టకూడదు. ఆకు చాలకపోతే మా పెరట్లో అవిసె చెట్లు కొట్టుకోవచ్చు.

2. ఎవరి కోడిపిల్ల పోయినా ముందు ఇంటి పిల్లిని చూడాలి.

3. గొంగడి అంచు ఒక మూర ఆయన కూతురు నాకిచ్చింది. రేపు ఎండ ముదరకముందే నేను పోయి కట్టాలి. ముడి వేసినంతసేపూ పైనుంచి రెండు పసుపు కళ్లు చూస్తూ ఉంటాయి. తర్వాత బండ పక్కన కూర్చోవాలి, కదలకుండా.