గంటసేపు నిలబెట్టిన నెత్తురు

నిన్న మధ్యాహ్నం ఆళ్ళగడ్డ బస్సు డ్రైవరు మా ఆస్పత్రి గేటు దగ్గర బండి ఆపి, "సిస్టరమ్మా, మీ ల్యాబు పెద్దాయన పొద్దున్నే పోయినాడు. నీకు చెప్పమన్నారు," అన్నాడు. ఏడుపు రాలేదు. ఆయన పోతాడని నాకు మూడు నెలలుగా తెలుసు. ఎట్లా తెలుసో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నంద్యాలలో నేను నర్సుగా చేరి ఏడేళ్ళయింది. వరండా చివరి ల్యాబు గది ఆయనది. ఆపరేషనుకు వచ్చిన ముసలివాళ్ళ నెత్తురు తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, సన్నటి గాజు గొట్టంలో ఎక్కించి నిట్టనిలువుగా నిలబెట్టేవాడు. గంటలో ఎరుపు ఎంత కిందికి దిగిందో చూసేవాడు. బాగా దిగిపోయిందంటే ఒంట్లో ఏదో చెడు ఉన్నట్టు. అటువంటివాళ్ళు కత్తికి తట్టుకోవడం కష్టం. ఆ గంటసేపు ఎవరూ తలుపు గట్టిగా వేయకూడదు. ఒకసారి నేను ముందే తొంగిచూస్తే కసిరాడు. "గంట కాకముందే చూసేటోనికి వాని ఆత్రమే కనపడ్తది, నెత్తురు కనపడదు."

ఇదంతా బాగానే ఉంది. భయమంతా ఆపరేషను అయిన మూడో నాడు. ఆ రోజు మళ్ళీ నెత్తురు చూసేవాడు. అది చెడ్డగా ఉంటే ఎవరితోనూ ఏమీ అనకుండా వార్డులోకి వచ్చి, ఆ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. "ఏం తినాలనుంది?" అని మెల్లగా అడిగేవాడు. ఆయన కూర్చున్న మంచాలు ఒకటీ అరా తప్ప అన్నీ ఖాళీ అయ్యాయి. నా కళ్ళతో చూశాను. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ముసలాళ్ళు దుప్పటి మొహం మీదికి లాక్కునేవాళ్ళు. ఒక అవ్వయితే, "నా పక్కన కూచోవాకు నాయనా, నీకు దండం పెడ్తా," అని చేతులు జోడించింది. ఆయన పక్కకు జరిగి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మర్నాడు ఆ అవ్వ లేదు.

పోయిన వేసవిలో మా నాయన వచ్చాడు. బేతంచెర్లలో నాపరాళ్ళు కొట్టి మమ్మల్ని పెంచినవాడు. మూత్రసంచిలో రాయి తేలింది. "బతుకంతా నేను రాయిని కొట్టిన్యా, ఇప్పుడది నన్ను కొడ్తాంది," అని నవ్వబోయి నొప్పితో మెలికలు తిరిగాడు. పెద్దాయన సరే అననిదే డాక్టరుగారు ముసలివాళ్ళను కోయరు. కోయకపోతే నాయన బతకడు. గొట్టం వద్దంటే ఏం గతి? నా బుద్ధి గడ్డితిన్నది. నా నెత్తురే తీసి, సీసా మీద నాయన పేరు అంటించి ఇచ్చాను.

గంట తర్వాత పిలిచాడు. "ఇది నాయనది కాదు. నీది."

నా రవిక చేతులు మోచేతుల కిందికే ఉన్నాయి, సూది గాయం కనపడే వీల్లేదు. "మీకెట్లా తెలుసు సార్?"

"ఏడేండ్లుగా నీ మొగం చూస్తాండా. నీ నెత్తురు తెలీదా? దీన్ని నమ్మి కోసింటే నీ నాయనను నువ్వే సంపుకున్నట్టు కదమ్మా! పో, ఆయనది తీసుకరా."

నాయన నెత్తురు చూస్తుండగానే అడుక్కు దిగిపోయింది. "వద్దనలే. ఇప్పుడొద్దంటాండా," అన్నాడు పెద్దాయన. నెల రోజులు సూదులు, మందులు, రాగి గంజి. "ఎవడప్పా వాడు, నా నెత్తురు తాగుతాండాడు!" అని నాయన రోజూ తిట్టాడు. వారం వారం గొట్టంలో ఎరుపు కొంచెం కొంచెం పైన నిలబడింది. అయిదో వారం పెద్దాయన, "ఇప్పుడు కోయమను," అన్నాడు.

ఆపరేషను బాగా జరిగింది. మూడో నాడు చెప్పుల చప్పుడు. పెద్దాయన నేరుగా వచ్చి నాయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను పళ్ళెం పక్కన పడేసి పరుగెత్తాను. "వద్దు సార్! మీ కాళ్ళు పట్టుకుంటా, ఆడ కూచోవద్దు, లేవండి!"

"అరవాకు. నాయనది చూసే వస్తాండా, బాగుంది. నాకే కాళ్ళు ఆడలే." చొక్కా చేయి పైకి మడిచాడు. "నాది తీయమ్మా."

తీశాను. ఆయన ల్యాబుదాకా నడవలేనంటే గొట్టాన్ని వార్డు కిటికీలోనే నిలబెట్టాను. ఆ స్టూలు సంగతి నాయనకు ఏమీ తెలియదు. తన గంజిలో సగం గ్లాసులో పోసి, "తాగప్పా, మొగం పాలిపోయింది," అని అందించాడు. నెల రోజులు తిట్టిన మనిషే. ఇద్దరూ రాళ్ళ గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నారు. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. అంత లోతుకు దిగిన నెత్తురును ఈ ఏడేళ్ళలో చూడలేదు.

"గంట అయిందామ్మా?" ఇటు తిరగకుండానే అడిగాడు.

గంట దాటి చాలాసేపయింది. "ఇంకా కాలేదు సార్," అన్నాను.

"అట్లయితే ఇంకొంచెంసేపు కూచుంటా," అన్నాడు.