కాటా మీద రెండో మనిషి

లారీ నేర్చుకుందామనుకునేవాళ్లు ఈమధ్య నన్ను అడుగుతున్నారు, మొదటి ట్రిప్పు ఎలా ఉంటుందని. ఏముంటుంది, నడుం విరుగుతుంది. అయినా అడిగారు కాబట్టి నా మొదటి రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. తొమ్మిదేళ్లు నేను నాచారంలో బిస్కెట్ ప్యాకెట్లు కట్టే మెషిన్ మీద పనిచేశాను. కంపెనీవాళ్లు షెడ్డును ఊరి బయటికి మార్చారు, మమ్మల్ని మాత్రం మార్చలేదు. ముప్పై ఆరేళ్ల వయసులో కారు లైసెన్సు ఒక్కటి చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. "స్టీరింగ్ తిప్పుడు ఒస్తది గద, పెద్ద బండి నేర్చుకోరాదు" అంది నా భార్య స్వరూప. ఉప్పల్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో పన్నెండు వేలు కట్టి నెల రోజులు నేర్చుకున్నాను. చిన్న బండి లైసెన్సు వచ్చి ఏడాది దాటి ఉండాలి, అది చూసుకుని వెళ్లండి. లేకపోతే ఫీజు కట్టాక తల పట్టుకోవాలి.

లైసెన్సు వచ్చాక నాచారంలోనే ఆరు లారీలున్న ఒక సేటు పని ఇస్తానన్నాడు. కానీ ఊరికే ఇవ్వడు. ఒక రోజు పాత డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని సరుకుతో వెళ్లి రావాలి. పాత డ్రైవర్ ట్రిప్పు అయ్యేదాకా బండి దిగకూడదు. వచ్చాక ఆయన బాగుందంటే పని ఉంటుంది, లేదంటే మళ్లీ ఇంట్లో కూర్చోవడమే. ఆ పాత డ్రైవర్ యాదగిరి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, అందరికీ యాదగిరి మామ. పొద్దున ఆరింటికి లారీ దగ్గర ఛాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు, ఈసారి కంటి పరీక్షలో తప్పాడని, నెలాఖరు దాకానే తన పని అని. అంటే నాకు ఇస్తానన్న సీటు ఆయనదే. ఛాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"గట్ల మొకం ఏలాడేస్తవేంది అల్లుడా? నువ్వు కాకపోతే ఇంకోడు ఒస్తడు" అన్నాడు మామ. "ఎక్కు, ఎనిమిది గొట్టకముందే ఉప్పల్ దాటాలె. లేకపోతే పోలీసోళ్లు పక్కకు పెట్టిస్తరు."

సరుకు అల్యూమినియం తుక్కు, ముందు రోజు సాయంత్రమే ఎక్కించి టార్పాలిన్ కట్టారు. ఘట్‌కేసర్ దాటాక బీబీనగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో దాన్ని కరిగిస్తారు. బయల్దేరే ముందు నాచారంలోనే కాటా ఎక్కించాలి, అంటే లారీని మనుషులతో సరుకుతో సహా తూచే పెద్ద తూకం. ఇద్దరం క్యాబిన్‌లో కూర్చునే ఉన్నాం. పదకొండు వేల ఎనిమిది వందల అరవై కిలోలని చీటీ వచ్చింది. చీటీ మీద లారీ ఫొటో కూడా వేసి ఇస్తారు ఇప్పుడు. తూకానికి నూట యాభై కట్టి చీటీ జేబులో పెట్టుకున్నాను, ఫొటో వైపు చూడను కూడా లేదు.

ఏడుంబావుకు ఉప్పల్ చౌరస్తా దాటాం. సిటీ బస్సులు, కాలేజీ బస్సులు, వాటి మధ్యలోంచి స్కూటీలు. డ్రైవింగ్ స్కూల్ బండిలో నెల రోజులు నేర్చుకున్నదంతా అక్కడ పది నిమిషాల్లో అయిపోయింది. బోడుప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ స్తంభాల పక్కన గుంతలు, దుమ్ము. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండో గేరు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు లాగడం మొదలైంది. మామ ఎక్కువగా మాట్లాడడు. "జర ఆగు", "పోనియ్", "వాని మొకం సూడకు, అద్దం సూడు", అంతే. చెంగిచెర్ల వైపు మలుపు దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చి నేను గట్టిగా బ్రేక్ తొక్కితే ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మంచిది, ఆగినవ్" అన్నాడు. ఆ మెప్పుకే కడుపు నిండింది.

ఘట్‌కేసర్‌లో ఎనిమిదిన్నరకు ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, చట్నీ నీళ్లు. చేయి కడుక్కుని వచ్చి మామ నా భుజం మీద చేయి వేశాడు.

"అల్లుడా, ఒక మాట. గీ దగ్గర్ల ఇంజనీరింగ్ కాలేజీల వాచ్‌మన్ పని ఉన్నదట. పదింటికి రమ్మన్నరు. నాకిప్పుడు గదే దిక్కు. నేనీడ దిగుత. నువ్వు పోయి సరుకు దించుకోని రా, మళ్లచ్చేటప్పుడు ఎక్కుత. సేటుకు జెప్పకు."

"సేటుకు తెలిస్తే ఎట్ల మామ?"

"ఎవలు జెప్తరు? మస్తు మంచిగ నడుపుతున్నవ్. ఫికర్ జెయ్యకు."

నిజం చెప్పాలంటే లోపల సంతోషపడ్డాను. నెత్తిమీద ఎవరూ లేకుండా ఒక్కడినే నడుపుతానని. ఆయన సంచి భుజాన వేసుకుని, అందులోంచి ఇస్త్రీ చొక్కా తీసి హోటల్ వెనక్కి వెళ్లి మార్చుకుని వచ్చాడు. ఆ చొక్కా చూశాక నా సంతోషానికి నాకే సిగ్గేసింది.

తొమ్మిదింబావుకు ఫ్యాక్టరీ చేరాను. ముందు పదకొండు లారీలు. కొత్తవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు: లారీ డ్రైవర్ నడిపేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఎండ ఎక్కింది. క్యాబిన్ కాలుతోంది, దిగితే నీడ లేదు, కునుకు తీస్తే వరస పోతుంది. లారీ అడుగు అడుగు జరుపుతూ మూడు గంటలు కూర్చున్నాను. పన్నెండున్నరకు నా లారీ ఫ్యాక్టరీ కాటా ఎక్కింది.

కాటా గదిలో ఒక మేడం ఉంది, ముప్పై ఏళ్లుంటాయి. కంప్యూటర్ వైపు చూసింది, నా చీటీ చూసింది, మళ్లీ కంప్యూటర్ చూసింది.

"అన్నా, తొంబై కిలోలు తక్కువున్నది."

"తక్కువెట్లయితది మేడం? కట్టిన తాళ్లు కట్టినట్టే ఉన్నయి."

"గదంతా నాకు దెల్వదు. పదకొండు వేల ఏడు వందల డెబ్బై జూపెడుతున్నది. పది, ఇరవై అయితే ఇడిసిపెడ్తం. తొంబై ఇడువం. మీ ఓనర్‌కు ఫోన్ జెయ్యి, లేకపోతే సరుకు తక్కువని రాసి బండి ఎనక్కి పంపుత."

దారిలో అల్యూమినియం అమ్ముకున్నాడంటారు. మొదటి రోజే దొంగ పేరు. నాచారంలో ఇక ఏ సేటూ నన్ను గేటు దగ్గరికి కూడా రానివ్వడు. ఇంట్లో స్వరూపకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? కట్టిన తాళ్లు మళ్లీ ఒకసారి లాగి చూసి కిటికీ దగ్గరికి వచ్చాను. ఆమె నా ముఖం చూసి జాలిపడిందో ఏమో, చీటీని మళ్లీ తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గీ ఫొటోల క్యాబిన్ల ఇద్దరున్నరు గదన్నా. ఎడమ దిక్కు, తువ్వాలేసుకున్నాయన. ఏడి?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో. అక్కడ ఇద్దరినీ తూచారు, ఇక్కడ ఒక్కడినే తూచారు. తక్కువైంది తుక్కు కాదు, మామ. విషయం చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మాట నమ్మి నేను సంతకం పెట్ట. ఆ మనిషిని తీస్కరా, ఎక్కించి తూస్త. రెండు గంటల దాక ఆగుత. అటెనక నేనే మీ ఓనర్‌కు ఫోన్ జేస్త."

లారీని పక్కన పెట్టి ఫోన్ తీశాను. సేటుకు చెబితే నేను దొంగను కాదని తేలుతుంది, కానీ మామ దిగిపోయాడని తెలుస్తుంది. నెలాఖరు దాకా ఉన్న ఆ నాలుగు రోజుల పని కూడా ఆయనకు పోతుంది, దించి వచ్చినందుకు నాదీ పోతుంది. మామకే చేశాను. వెనకాల ఎవరో పేర్లు పిలుస్తున్న శబ్దం వినిపిస్తోంది.

"మామా, ఏడున్నవ్?"

"లైన్లనే ఉన్న. పొద్దటిసంది గూసున్న. ఇంక ముగ్గురైతే నాదే. ఏమైంది, గొంతు గట్లున్నదేంది?"

చెప్పాను. అటువైపు ఇంకో పేరు పిలిచారు.

"సేటుకు ఫోన్ జెయ్యకు" అన్నాడు. "నేనస్తున్న."

ఒంటిగంటా ఇరవైకి ఆటో దిగాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, ఎడమ సీట్లో కూర్చుని, సంచిలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. లారీని మళ్లీ కాటా మీదికి తెచ్చాను. మేడం కిటికీలోంచి తొంగి చూసి, ఫొటో చూసి, ఆయన్ను చూసింది.

"పదకొండు వేల ఎనిమిది వందల యాభై. పది కిలోలు డీజిల్ల పోయింది అనుకుంట" అని సంతకం పెట్టింది. "పెద్దాయనా, ఎనబై కిలోలున్నవ్, జర తగ్గు."

"సంచి బరువమ్మా అది" అన్నాడు మామ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సరుకు దించేసరికి మూడున్నర దాటింది. కూలీలకు ఛాయ్ పైసలు, ఖాళీ లారీ తూకం, రసీదు. తిరుగు దారిలో ఘట్‌కేసర్‌లో కాలేజీ గేటు ముందు ఆపమన్నాడు. లోపలికి పోయి ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. ఎక్కి కూర్చున్నాక తలుపు సరిగ్గా పడలేదు, రెండోసారి వేశాడు.

"ఏమన్నరు మామ?"

"ఏమంటరు? పేరు పిలిచిన్రట. నేను లేను. ఇంకోన్ని తీస్కున్నరు."

"నా కోసం ఎందుకొచ్చినవ్ మామా?"

"నీ కోసమేంది? నా బరువు నేను మోసిన. పోనియ్, పొద్దుగూకకముందే జేరాలె."

ఉప్పల్ దాకా రోడ్డు మీదే కళ్లు పెట్టి నడిపాను. ఆయన సీటుకే నేను వచ్చాను సరే, ఆయన వెతుక్కున్న కుర్చీ కూడా నా వల్లనే పోయింది. మెడ నుంచి మడమ దాకా నొప్పులు. ఆ కుర్చీ పోయిన నొప్పి వాటన్నిటికంటే ఎక్కువ. ఆరున్నరకు నాచారం చేరి లారీ నిలిపితే సేటు బయటికి వచ్చాడు.

"ఏం యాదగిరి, ఎట్ల నడిపిండు?"

"మంచిగ నడిపిండు సేటూ" అన్నాడు మామ, నా వైపు చూడకుండా. "పక్కనే గూసున్న గద, అంతా సూసిన."

సేటు తాళాలు నా చేతిలో పెట్టాడు. స్వరూపకు ఫోన్ చేసి పని దొరికిందని చెప్పాను. ఆమె సంబరపడుతుంటే ఊ కొట్టి పెట్టేశాను.

ఇప్పుడు ఈ పనిలో నాకు ఎనిమిది నెలలు. లారీ నడపడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పెద్ద విద్యేం కాదు. మనం కూర్చున్న సీటు ఎవరు లేస్తే ఖాళీ అయిందో గుర్తుంచుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు, అది రోజూ అలసటలో మరిచిపోయే పాఠం. మామ ఇప్పుడు ఏఎస్ రావు నగర్‌లో ఒక బట్టల దుకాణం ముందు బండ్లు పెట్టిస్తున్నాడు, రోజంతా నిలబడే పని. అటు పోయినప్పుడల్లా ఇద్దరం ఛాయ్ తాగుతాం, పైసలు నన్ను ఇవ్వనివ్వడు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మొదటి కాటా మీద క్యాబిన్‌లో ఎందరున్నారో రెండో కాటా మీదా అంతమందే ఉండాలి, అందుకే చీటీ చేతికి రాగానే వెనకవైపు ఎంతమంది కూర్చున్నారో రాసి పెట్టుకోండి. నేను రోజూ రాస్తాను. "ఒక్కడినే" అని రాసేటప్పుడు ఇప్పటికీ ఎడమ సీటు వైపు ఒకసారి చూస్తాను.