అయిదు విల్లుల వీరుణ్ణి

జూబ్లీ హిల్స్ కొండ మీద మాకో భవనం ఉంది. బాల్కనీలో నిలబడితే నగరమంతా కాళ్ళ కింద పరుచుకుని కనిపిస్తుంది. కనిపించేది నగరం కాదు లెండి, ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు. అది భవనం కూడా కాదు. ఫిల్మ్ నగర్ వాలులో, లిఫ్టు ఎప్పుడూ రిపేరులో ఉండే అపార్ట్‌మెంటులో రెండు గదుల ఫ్లాటు. దారి అడిగినవాళ్ళకు మాత్రం జూబ్లీ హిల్స్ అనే చెబుతాను.

నలభై సినిమాలకు మాటలు రాశాను. సరే, పద్నాలుగు. తెర మీద పేరు పడింది మూడింటికి. అందులో ఒకదానికి నా పేరులో ఒత్తు ఎగిరిపోయింది. మిగతావి పెద్ద రచయితల వెనక కుర్చీలో కూర్చుని రాసినవి. కానీ వీలునామా సీనుకు మాత్రం పరిశ్రమలో నాకు తిరుగులేదు. జమీందారు పోతాడు, ప్లీడరు కళ్ళజోడు తుడుచుకుంటాడు, హాలు నిండా బంధువులు, "నా యావదాస్తినీ..." అనగానే విలన్ మీసం వణుకుతుంది. అలాంటివి ఇరవై రాశాను. ఇరవై కాదు, ఆరు. ఆ ఆరింటితోనే నాకు చట్టమంతా వచ్చేసిందని నమ్మాను. ఇది మాత్రం అతిశయోక్తి కాదు, నిజంగానే నమ్మాను.

ఈ మధ్య మా పై అంతస్తులో ఉండే మేకప్ మనిషి పోయాడు. వీలునామా రాయలేదు. కర్మ అయిన మర్నాడే ఆయన మొదటి భార్య కొడుకులు టేపు పట్టుకొచ్చి హాలు కొలిచారు. ఉన్న భార్య గుమ్మం దగ్గర నిలబడి, ఆ టేపు రెండో కొస పట్టుకుందట, పాపం, వాళ్ళు పట్టుకోమంటే. మా ఆవిడ అది చూసి కిందికి దిగి వచ్చింది. ఆవిడ పుట్టింది గోల్కొండ పక్కన. నేను కృష్ణా జిల్లా నుంచి దిగుమతి అయ్యాను.

"ఏమయ్యా, మనకు విల్లు ఉన్నదా?" అంది.

"ఉందా అంటావేంటి! శ్రీరామచంద్రుడంతటివాడికే ఒక్క విల్లు. నాకు అయిదున్నాయి."

ఆవిడ మెచ్చుకోలేదు. "అయిదెందుకు?"

ఎందుకంటే మా వృత్తి అలాంటిది. ఒకే సీనుకు మూడు నాలుగు వెర్షన్లు రాసి పట్టుకెళ్తాం, దర్శకుడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు. దేనికీ తేదీ వేయం. వేస్తే నిరుటి సరుకని తెలిసిపోతుంది. ప్రతి దాని మీదా 'ఫైనల్' అని మాత్రం రాస్తాం, లేకపోతే ఎవరూ చదవరు. వీలునామా కూడా నేను ఆ పద్ధతిలోనే రాశాను. ఇంట్లో ఎవరితో మాట పెరిగినా ఒక కొత్త వెర్షన్. నేను పోయాక అందరూ కూర్చుని, బాగున్నది ఎంచుకుని, కళ్ళు తుడుచుకుంటారని ఊహ. అసలు సంగతి ఒప్పుకుంటాను. ఫ్లాటు ఎవరికి పోతుందన్నది కాదు, ఎవరు ఎక్కువ ఏడుస్తారన్నదే నాకు ముఖ్యంగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ అయిదూ సంచిలో వేసుకుని, నన్ను ఆటో ఎక్కించి, రెండు వీధుల పైన ఉన్న లాయరమ్మ ఆఫీసుకు తీసుకెళ్ళింది. చిన్న వయసు పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడింది. నా సినిమాలు చూసిందనుకున్నాను. కుర్చీ జరపడానికి లేచింది.

"చదవమంటారా సార్?" అంది.

నా రాతను ఇంకొకరు చదవడమా? "నేను నెరేషన్ ఇస్తాను తల్లీ" అని లేచాను. మా వాళ్ళు నిర్మాతకు కథ చెప్పేటప్పుడు ఎలా లేచి, గొంతులు మార్చి, ఏడ్చి, నవ్వి చెబుతారో అలా. మొదటి వెర్షన్‌లో ఫ్లాటు మా ఆవిడకు. అందులో ఆవిడను వర్ణించడానికే పేజీన్నర పట్టింది. ఆవిడ కొంగు సర్దుకుంది. రెండోది అబ్బాయి నా డైలాగులు పాతబడ్డాయన్న రోజు రాసింది, ఫ్లాటు కూతురికి. మూడోది కూతురు అదే మాట అన్న రోజుది, ఫ్లాటు అబ్బాయికి. లాయరమ్మ రాసుకోవడం మానేసి వింటోంది. శ్రోత దొరికితే నాకు ఒళ్ళు తెలియదు. నాలుగోది అందుకున్నాను. చెయ్యెత్తి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా విరిచి చెప్పాను:

"నా భార్యకు... ఆమె నోరే... తరగని ఆస్తి. కనుక వేరే ఏమీ ఇవ్వనక్కరలేదు. ఈ ఫ్లాటు వృద్ధ రచయితల ఆశ్రమానికి..."

చెయ్యి గాలిలోనే ఉంది. అయిదోది ఇక అందుకోలేదు. అలాంటి ఆశ్రమం ఎక్కడా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "రాముడు ఆ ఒక్క విల్లుతోనే పెండ్లాన్ని తోలుకొచ్చుకున్నడు. నువ్వు అయిదు పెట్టుకొని నన్ను బయటికి తోలుతున్నవ్" అంది.

"అది కోపంలో రాసింది. లెక్కలోది కాదోయ్" అన్నాను.

"లెక్కలోదే సార్" అంది లాయరమ్మ. "సంతకం ఉంది, ఇద్దరు సాక్షులున్నరు. వీటిల లేటెస్ట్ ఏది?"

"అన్నీ ఫైనలే."

"డేట్ ఏది?"

"వెర్షన్‌కి తేదీ ఎవరు వేస్తారమ్మా?"

"కోర్టు ఎయ్యాలె సార్, మీరు పోయినంక. ఎవరి చేతిల ఏ కాగితం ఉంటే వాళ్ళు ఇదే ఆఖరుది అంటరు." సాక్షుల సంతకాలు చూసి ఆ పిల్ల ఆగిపోయింది. "ఇదేంది సార్? 'ప్రేమతో, ఆల్ ది బెస్ట్'?"

అది ఒకప్పటి క్యారెక్టర్ నటుడిది. సంతకం పెట్టమంటే ఆయనకు ఆటోగ్రాఫే వచ్చు. రెండో సాక్షి తెర పేరుతో పెట్టాడు. ఆయన అసలు పేరేమిటో ఆయన భార్యకైనా తెలుసో లేదో. ఇప్పుడిద్దరూ లేరు.

"సరే, అన్నీ చించేస్తే?" అన్నాను.

"అప్పుడు విల్లు లేనట్టే. అమ్మకు, కొడుక్కు, బిడ్డకు తలా ఒక భాగం. రెండు రూములల్ల మూడు భాగాలు."

మా పిల్లలు దుర్మార్గులు కారు. అబ్బాయి టోలిచౌకిలో, అమ్మాయి బంజారా హిల్స్‌లో, ఎవరి సంసారం వాళ్ళు చేసుకుంటున్నారు. కానీ పై అంతస్తు కొడుకులు కూడా టేపు పట్టుకునేదాకా మంచివాళ్ళే. మా ఆవిడ బల్ల మీది కాగితాల వైపు కాకుండా కిటికీలోంచి చూస్తూ అడిగింది. "నాకు ఒకటే చెప్పు బిడ్డా. ఈయన పోయినంక నేను నా వంటింట్ల ఎవర్ని అడగకుండ నిలబడొచ్చునా?"

నలభై ఏళ్ళుగా జనం చేత కంటతడి పెట్టించాలని చూశాను. ఆ మాటలాంటిది ఒక్కటి రాయలేకపోయాను. ఈసారి తగ్గించి చెప్పడానికి ఏమీ లేదు.

కొత్తది లాయరమ్మే రాసింది. నేను 'నా సహధర్మచారిణి, నా జీవన జ్యోతి' అని ఎత్తుకున్నాను. ఆ పిల్ల 'నా భార్య' అని రాసి, పక్కన ఆధార్ నంబరు వేసింది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు అంది ఒక వాక్యం. ఫ్లాటు నా తర్వాత సర్వహక్కులతో భార్యకు చెందుతుంది అంది ఇంకో వాక్యం. బ్యాంకులో ఉన్నది పిల్లలిద్దరికీ సమానం. అంతే, ఒక్క పేజీ. నాకు మతి స్థిమితంగా ఉందని డాక్టరు చీటీ కూడా తెమ్మంది. డాక్టరు దగ్గర మా ఆవిడ, "జర మంచిగ చూసి రాయండి సాబ్" అంది.

రిజిస్ట్రేషన్ రోజున సాక్షులిద్దరూ అసలు పేర్లతో సంతకాలు పెట్టారు. ఆ తర్వాత లాయరమ్మ ఆఫీసులోనే మా ఆవిడ పాత అయిదూ చించింది. వర్ణన ఉన్న మొదటిదాన్ని చించే ముందు ఒకసారి మడత విప్పి చూసి, అదీ చించింది. "ఇంట్ల ఏది మారినా మళ్ళ వచ్చి మార్చుకోండి" అంది లాయరమ్మ.

నేను లేచాను. మా ఆవిడ లేవలేదు.

"బిడ్డా, మా అమ్మ నా పేరు మీద పెట్టిన మడిగె ఒకటుంది, టోలిచౌకిల. దానికీ రాయాలె" అని, నా వైపు తిరిగి, "నువ్వు జర బయట కూసో" అంది.

ఆ షట్టరు దుకాణం కిరాయే ఇప్పుడు మా ఇంటికి ముఖ్యమైన రాబడి. బయట బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. గంట కాదు, పది నిమిషాలు. తలుపుకు చెవి ఆనించాను కూడా. ఏమీ వినపడలేదు.

బయటికి రాగానే, "ఏం రాశావోయ్?" అన్నాను.

"తారీఖు రాసిన" అని మెట్లు దిగింది.