లెన్సుకి కాస్త పైన

ఆ ఫొటోగ్రాఫరుకి అసలు పేరు ఒకటుందని వీధిలో సగం మందికి తెలియదు. గ్రూపు ఫొటోకి అందర్నీ సర్ది నిలబెట్టి, ముందు వరుసలో కూర్చున్నవాళ్లకి కాళ్లు తిమ్మిరెక్కేదాకా "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే ఉంటాడు కనుక ఆయన అందరికీ ఒక్కనిమిషం గారే. భార్య కూడా ఫోనులో అలాగే రాసుకుంది. "మీ నిమిషం ఎంత పొడుగో నాకంటే ఎవరికి తెలుసు?" అంటుంది.

ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఉద్యోగం ఈ ఊళ్లోనే ఉన్నంతకాలం ఏ చింతా లేదు. పట్నంలో పెద్దాసుపత్రికి బదిలీ అయ్యాక అక్కడే గది తీసుకుని ఉంటోంది. శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున దిగుతుంది, సాయంత్రం మళ్లీ బస్సెక్కుతుంది. మరి జనం పెళ్లిళ్లు పెట్టుకునేది జనానికి తీరికున్న రోజునే కదా! ఆదివారం తెల్లారిందంటే ఈయన భుజాన సంచీ తగిలించుకుని ఎవరి పెళ్లికో పరుగు. ఆవిడ ఇంట్లో ఉన్న వేళ ఈయన ఉండడు, ఈయన ఇల్లు చేరే వేళకి ఆవిడ ఉండదు. ఎప్పుడైనా గుమ్మం దగ్గర ఎదురుపడితే "తిన్నారా?", "తిన్నా, నువ్వు?", అంతటితో సరి. ఊళ్లో జంటలందర్నీ "ఇంకాస్త దగ్గరికి జరగండి" అని కసిరే మనిషికి సొంత భార్య పక్కన కూర్చునే యోగం లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు.

పోయిన ఏడాది కొత్త కెమెరా కొన్నాడు. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని రకం. దాని గురించి ఆయన్ని కదపకూడదు, కదిపితే మీ పని మీరు మర్చిపోవాల్సిందే. ఎంత గుంపులోనైనా మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుందట. ఆ మనిషి నడుస్తుంటే కన్ను వెంటే నడుస్తుందట. దీపం వెలుగు చాలట. నొక్కిన వేలు ఇంకా పైకి లేవకముందే ఫొటో పడిపోతుంది, అదీ చప్పుడనేది లేకుండా. అది వచ్చాక గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగితే మిగిలిన ఒకటీ అరా ఆదివారాలు కూడా పోయాయి.

ఇంత గొప్ప కెమెరాతో ఆయన తీయలేకపోయిన ఫొటో ఒకటే ఉంది. భార్య నవ్వు.

దుకాణంలో కంప్యూటరు తెర మీద ఆవిడ ఫొటో పెట్టుకోవాలని ఆయన కోరిక. వారమంతా ఎవరెవరి మొటిమలో చెరుపుతూ, ఎవరెవరి గడ్డాలో నునుపు చేస్తూ కూర్చుంటాడు. పని మధ్యలో తలెత్తితే తన మనిషి నవ్వుతూ కనపడితే బాగుండును కదా అనిపించేది. ఎవరైనా అడిగితే "తెర బోసిగా ఉంది, అందుకని" అంటాడు కానీ అది బెంగ. ఒక్కడే తిని, ఒక్క కంచమే కడిగి బోర్లించేటప్పుడు పట్టుకునే బెంగ.

చిక్కినప్పుడల్లా తీశాడు. వంటింటి గుమ్మంలో తీశాడు, మేడ మీద తీశాడు, బస్టాండులో తీశాడు. కెమెరా ఎత్తగానే ఆవిడ మెడ నిటారుగా అయిపోయేది, పెదాలు బిగుసుకునేవి. అచ్చం గుర్తింపు కార్డు మొహం. "నవ్వవోయ్" అంటే పళ్ల డాక్టరుకి చూపించినట్టు పళ్లు చూపించేది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యుడే పెరటిచెట్టుకి పనికిరాకుండా పోయాడు.

అలాగని ఆవిడ నవ్విన ఫొటోలు లేక కాదు. బోలెడున్నాయి. అన్నీ పెళ్లయిన కొత్తలో కొన్న చిన్న కెమెరాతో తీసినవే. సబ్బుపెట్టెంత ఉండేది, చొక్కా జేబులో పట్టేది. కన్ను ఆనించి చూడటానికి దానికి కిటికీ కూడా లేదు, వెనకున్న బుల్లి తెరలో చూసుకోవాలి. వెలుగు కాస్త తగ్గితే చాలు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. అన్నిటికంటే పెద్ద జబ్బేమిటంటే, మీట నొక్కాక అది కాసేపు ఆలోచించుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు గానీ ఫొటో తీసేది కాదు.

ఒక ఆదివారం పెళ్లికొడుక్కి జ్వరం వచ్చి పెళ్లి వాయిదా పడింది. పరాయివాడి జ్వరానికి సంతోషించడం పాపమే, అయినా ఒక్కనిమిషం గారు సంతోషించాడు. రోజంతా ఇంట్లోనే. ఆవిడ మంచం మీద బట్టలు మడతపెడుతుంటే, ఈయన బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి, కొత్త ఫొటో ఒకటి, పాత ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టుకున్నాడు.

కొత్తదాంట్లో కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. చెవి దుద్దు మీద ఎదురుగా ఉన్న కిటికీ కూడా కనిపిస్తోంది. పాతదాంట్లో జుట్టంతా ఒక నల్లటి ముద్ద, వెనక గోడ పచ్చో నీలమో బ్రహ్మకి కూడా తెలియదు. కానీ అందులో ఆవిడ నవ్వుతోంది. తల వెనక్కి వాల్చి, ఒక కన్ను సగం మూసుకుపోయి, ఇంకా ఆపుకోలేక. మనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండగా ఆ మనిషి ఫొటో చూసి బెంగపడేవాణ్ణి ఏమనాలి? ఆయన మాత్రం పడ్డాడు.

కాసేపటికి వృత్తిబుద్ధి మేలుకుంది.

"దొరికింది!" అన్నాడు.

"ఏంటి?"

"ఈ కొత్తదానికి తొందరెక్కువ. నువ్వు బిగుసుకుని ఉండగానే లాగేస్తోంది. పాతదైతే నొక్కాక నానుస్తూ కూర్చునేది కదా, ఈలోపు ఫొటో అయిపోయిందనుకుని నువ్వు మామూలుగా అయిపోయేదానివి. అప్పుడు పడేది. అదీ సంగతి."

"అయితే తప్పంతా కెమెరాదేనంటారు."

"మరింకేంటి?"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. సరే, కానివ్వండి."

అలమరా అడుగు నుంచి పాత కెమెరా బయటికొచ్చింది. దాని చార్జరు ఇంకెక్కడినుంచో బయటికొచ్చింది. భోజనాలయ్యేసరికి అది ఎలాగో కళ్లు తెరిచింది. ఆవిణ్ణి మంచం అంచున, కిటికీ వెలుగులో కూర్చోమన్నాడు. ఆవిడ మెడ నిటారుగా పెట్టింది. ఈయన కెమెరా ఎత్తి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, నేరుగా కంటికి ఆనించుకోబోయాడు. కిటికీ లేని కెమెరా ఎక్కడ ఆగుతుంది? వచ్చి ఠపీమని ముక్కుకి కొట్టుకుంది. వేలు అప్పటికే మీట నొక్కేసింది.

ఆవిడ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఇక ఆగలేదు. "ఊరందరికీ... ఫొటోలు తీసేది... మీరేనా!" అంటూ పక్కకి ఒరిగిపోయి నవ్వింది. మడతపెట్టిన బట్టలన్నీ కూలి ఆవిడ మీదే పడ్డాయి. అదే నవ్వు. తల వెనక్కి, ఒక కన్ను సగం మూత. ఆయన ముక్కు పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయాడు. చేతిలో వేలాడుతున్న కెమెరా అప్పుడు తీరిగ్గా క్లిక్కుమంది. చూసుకుంటే అందులో గచ్చు, ఆయన కాలి బొటనవేలు.

"మళ్లీ నవ్వు, మళ్లీ నవ్వు" అంటూ గాభరాగా ఇంకోసారి నొక్కబోయేసరికి బ్యాటరీ ప్రాణం వదిలింది.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పాత ఫొటోలు ఒక్కొక్కటే ముందుకి జరుపుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇందులో నేను కెమెరా వైపు చూడట్లేదే?"

ఆయన పెద్దది చేసి చూశాడు. నిజమే. చూపు లెన్సులో లేదు, లెన్సుకి కాస్త పైన ఉంది. ఇంకోటి తెరిచాడు. అందులోనూ అంతే. అన్నిట్లోనూ అంతే. దుకాణంలో ఎవరైనా అలా చూస్తే "ఇటండీ, లెన్సులోకి" అని గదమాయిస్తాడు. ఆయన లెక్కలో అవన్నీ చెడిపోయిన ఫొటోలు.

"మరెటు చూస్తున్నావ్?" అని అడిగాడు, నిజంగానే తెలియక.

ఆవిడ ఆయన వైపు వింతగా చూసింది. "ఎటేంటి? అప్పట్లో ఆ డబ్బా గుండెల దగ్గర పట్టుకునేవారు. దాని పైన మీరుండేవారు. ఫొటో పడట్లేదని దాన్ని తిట్టుకుంటూ, నుదురు చిట్లించుకుంటూ. మిమ్మల్ని చూస్తే నవ్వాగేది కాదు." కొత్త కెమెరాని వేలితో చూపించింది. "ఇప్పుడు మీరు కెమెరా ఎత్తితే అంత నల్లటి కెమెరా, దానికి అటూ ఇటూ రెండు చెవులు. మీరు కనపడరు. ఎవర్ని చూసి నవ్వమంటారు?"

అనేసి, బస్సుకి టైమవుతోందని లేచి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. లెక్క చెప్పినట్టు మామూలుగా అనేసింది.

కొత్త కెమెరాకి వెనక తెరని బయటికి లాగి పైకి తిప్పుకునే వీలుంది. కొన్న రోజున ఒకసారి తిప్పి చూశాడు. కంటికి ఆనించకుండా తీసేవాళ్లు పనిరానివాళ్లని ఆయన అభిప్రాయం కనుక మళ్లీ దాని జోలికి పోలేదు. ఇప్పుడు తిప్పాడు. కెమెరాని గుండెల దగ్గర పట్టుకుని, "ఇదిగో, ఇటు చూడు" అన్నాడు.

మంచం మీద కూర్చుని సంచీ జిప్పు లాగుతున్న ఆవిడ తలెత్తింది. కెమెరా వంక కాదు, దాని పైకి చూసింది. చూపు అక్కడే ఉండిపోయింది.

"గడ్డం ఎప్పుడు తెల్లబడింది మీకు?"

"చాలా రోజులైంది."

"నేను చూడనేలేదు."

"ఎప్పుడు చూస్తావ్?" అనేశాడు. అన్నాక, ఆ మాట తనకీ తగిలింది. ఆవిడ పాపిట్లో నెరిసిన వెంట్రుకలు తెర మీద ఎన్నోసార్లు చూశాడు, పెద్దవి చేసి మరీ చూశాడు. మనిషి మీద చూడటం ఇదే మొదలు. కళ్ల కింద నలుపు కూడా. ఇంత దగ్గర మనిషిని ఇంతకాలం చూడకుండా ఎలా ఉన్నానా అనుకున్నాడు. ఆయన వేలు ఎప్పుడు నొక్కిందో ఆయనకే సరిగ్గా తెలియదు. చప్పుడు లేని కెమెరా, ఆవిడకి అసలే తెలియదు.

బస్టాండుకి ఆయనే దిగబెట్టాడు. ఆవిడ కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బస్సు నిండేలోపు, కింద నిలబడి, మెడలో ఉన్న కెమెరా తెరిచి ఆ ఫొటో చూశాడు.

ఆవిడ నవ్వడం లేదు. బస్సు కదలబోయే ముందు కిటికీలోంచి చూసే మనుషుల చూపు ఒకటుంటుంది. ఆవిడ ఇంట్లో, సొంత మంచం మీద కూర్చుని, ఆయన్ని అలా చూస్తోంది. ఎన్నాళ్లుగా అలా చూస్తోందో. బెంగ తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ, ఆసుపత్రిలో అంత పనిలో ఆవిడకి ఇలాంటివి పట్టవనుకున్నాడు.

"ఏంటది? నన్ను తీశారా?" పైనుంచి అడిగింది.

"తీశా."

"నవ్వానా?"

"బాగా వచ్చింది" అన్నాడు.

"ఏదీ, చూపించండి."

కండక్టరు విజిలేశాడు. బస్సు ఒక్క కుదుపు కుదిపింది.

"వచ్చే ఆదివారం పెద్దది చేసి చూపిస్తాలే."

"వచ్చే ఆదివారం మీకు ఆ వాయిదా పడ్డ పెళ్లి ఉంది కదా?"

ఆయన కిటికీ చువ్వ పట్టుకుని బస్సుతోపాటే నాలుగడుగులు నడిచాడు.

"ఉంది" అన్నాడు.

సరేనన్నట్టు ఆవిడ తలూపింది. బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆయన్నే చూస్తూ కూర్చుంది.