డోలక్ మాస్టారు ఎంచుకున్న మిషన్

మా డోలక్ మాస్టారు పోయారు. చోడవరం బస్టాండు దగ్గర నా జిరాక్సు షాపులో ఎవరిదో ఆధార్ కార్డు తీస్తుండగా వాళ్ళావిడ ఫోను చేశారు. "బాబూ, మీ మాస్టారు ఎల్లిపోయేరు. టీ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నారు. ఏడుపు లేదు, ఇంకో మాట లేదు. "వస్తన్నాను పిన్నిగారూ," అన్నాను. ఆ కార్డు రెండో వైపు కూడా తీసి, చేతికిచ్చి, అప్పుడు షట్టరు దించాను. రెండో వైపు ఎందుకు తీశానో తెలీదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆయన గురించి పేపర్లో ఏమీ రాదు. బుచ్చయ్యపేట వెళ్ళే దారిలో కాస్త చెరకు పొలం, ఒక పెంకుటిల్లు, ఒక డోలక్. జీవితం మొత్తంలో రెండు శాలువాలు కప్పించుకున్నారు. ఆ రెండూ డోలక్కి చుట్టారు. ఒకటి మామూలు రోజులకి, ఒకటి వానాకాలానికి.

మాది ముగ్గురు మనుషుల ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా అని చెప్పుకోవడానికి మాకే కొంచెం మొహమాటం. నేను కీబోర్డు, మాస్టారు డోలక్. పాడేది మా గాయని, పగలంతా బ్లౌజులు కుడుతుంది. సన్నాయి మేళాన్ని పిలవలేని ఇళ్ళల్లో పెళ్ళికి మేమే మేళం కూడా. నేను కీబోర్డులో సన్నాయి గొంతు పెడతాను, మాస్టారు డోలక్‌ని డోలులా వాయిస్తారు. ఎలా వాయించేవారో అడక్కండి, పెళ్ళివారు సన్నాయాయన ఎక్కడున్నాడా అని వెనక్కి తొంగి చూసేవారు.

చేరిన కొత్తలో నాకు రోజూ తిట్లే. పాట కన్నా నేను ముందు పరిగెడతానని ఆయన ఫిర్యాదు. "ఒరే బాబూ, పాడే మనిసి మొకం సూడకు, బుజాలు సూడు. బుజాలు లెగిసేయంటే ఊపిరి తీస్తన్నాదని. అప్పుడు నువ్వు నోర్మూసుకో," అనేవారు. వాయించేది వేళ్ళతో కదా, నోరు మూసుకోవడమేమిటని ఒకసారి ఎదురడిగాను. "నీ ఏళ్ళకి నోరుంది. అదే నీ రోగం," అన్నారు. గాయని పడీ పడీ నవ్వింది. ఆ జబ్బు ఇంకా పూర్తిగా నయం కాలేదు.

భోజనాల దగ్గర మాత్రం వేరే మనిషి. మా ఇద్దరి విస్తర్లలో అన్నీ పడ్డాయో లేదో చూసి గాని ముద్ద ఎత్తేవారు కాదు. పెరుగు రెండోసారి అడగడానికి ఆయనకి సిగ్గు, నాచేత అడిగించి తన విస్తట్లోకి వేయించుకునేవారు.

రెండేళ్ళ కిందట మాఘమాసం ముహూర్తాలు మొదలవడానికి ముందు ఆయన ఎడమ చెయ్యి పట్టు తప్పింది. పూర్తిగా పడిపోలేదు. గ్లాసు పట్టుకోగలరు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. డోలక్కి ఎడమ వైపే బరువు. ఆ తోలు మీద అరచెయ్యి మొదలుతో నొక్కి జారిస్తే గాని గుమ్మనే మోత రాదు. కుడి చెయ్యి ఎప్పటిలాగే ఉంది, కానీ సగం డోలక్‌తో పెళ్ళి ఎలా చేయిస్తాం?

నాది ఉత్త సింథసైజర్. మిగతావాళ్ళ కీబోర్డుల్లో మీట నొక్కితే దరువు కూడా వస్తుంది. నా దాంట్లో స్వరాలే. దరువుకి మాస్టారున్నారు కదా అని, స్వరాల మోజులో పడి కొన్నాను. ఇప్పుడు దానికి జతగా డ్రమ్ మెషిన్ తీసుకుందామని నేనే అన్నాను. పాట వేగం చెప్పి వదిలేస్తే దాని మానాన అదే వాయించుకుపోతుంది, పక్కన మనిషి అక్కర్లేదు. "మరి మాస్టారికెవరు సెప్తారు?" అంది గాయని. నేను చెప్తానన్నాను. చెప్పలేదు. "మాస్టారూ, విశాఖ వెళ్ళి ఒక మిషన్ చూద్దాం, మీరే ఎంచాలి," అన్నాను. ఆయన్ని మానిపించడానికి కొనేదాన్ని ఆయన చేతే ఎంపిక చేయించబోయాను. ఇంతకన్నా నీచమైన పని నేను ఇంకోటి చెయ్యలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకన్నా ముందే బస్టాండుకి వచ్చారు. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి, పిన్నిగారు పెట్టి పంపి ఉంటారు.

విశాఖలో మ్యూజిక్ షాపాయన కౌంటరు మీద రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి డ్రమ్ మెషిన్, అందులో దరువులన్నీ ముందే నింపి ఉన్నాయి. రెండోది శాంప్లర్. అది ఖాళీ డబ్బా. ఏ మోత కావాలంటే అది మనమే రికార్డు చేసుకోవాలి, పైనున్న రబ్బరు ప్యాడ్ తాకితే అది మోగుతుంది. నాకు రెండోదాన్ని చూడాలని కూడా లేదు. మాస్టారు మొదటిదాన్ని కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. "బాగానే వాయిస్తన్నాది. తప్పు లేదు," అన్నారు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడాయన కుడి చూపుడువేలు పైకెత్తారు. "ఇదిగో, పురోయితుడు ఏలెత్తేడు. గట్టిమేళం కొట్టమను."

షాపాయన ఇంకో దరువు మీట నొక్కాడు. మిషన్ పాత దరువునే మరో నాలుగు దెబ్బలు వాయించి, తర్వాత మారింది.

"ఏటది?" అన్నారు మాస్టారు.

"దరువు చుట్టు పూర్తవ్వాలండి. మధ్యలో మారదు."

"అంటే తాళి కట్టీసినాక కొడతాదన్నమాట," అని వేలు దించారు.

నాలుగు దెబ్బలు ఎవరికి తెలుస్తాయి మాస్టారూ అని నేను వాదించాను. "పెళ్ళికూతురు తండ్రికి తెలుస్తాదిరా. ఆడికి అప్పుడు ఇంకేటీ ఇనపడదు, మేళం ఒకటే ఇనపడతాది," అన్నారు. ఆ తర్వాత రెండో పెట్టె లాక్కుని, అక్కడున్న చెక్క స్టూలు మీద కుడి చేత్తో ఒక దెబ్బ కొట్టి రికార్డు చెయ్యమన్నారు. ప్యాడ్ మీద ఎడమ చేతి వేలు అలా జారవిడిచారు. స్టూలు మోత పూర్తిగా వచ్చింది. గ్లాసు తప్ప ఇంకేమీ పట్టుకోలేని చెయ్యి అది. మళ్ళీ వేశారు. వెనక ఇంకో బేరం వచ్చి నిలబడింది, ఆయన ఆపలేదు. "ఇదే," అన్నారు.

తిరుగు బస్సు చెరకు ట్రాక్టర్ల వెనక పడి నడుస్తోంది. శాంప్లర్ పెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది.

"ఆ మొదటిది నన్ను మానిపించడానికే కదా?" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

"అబ్బే, లేదు మాస్టారూ."

"నీకు అబద్ధం సెప్పడం రాదు. కోపం వచ్చిందిరా. నిన్ను తిడదామని ఇస్త్రీ సొక్కా తొడుక్కుని మరీ వచ్చేను." ఒళ్ళో పెట్టె సర్దుకుని మళ్ళీ ఆయనే అన్నారు: "నా సీటు కోసమే ఇది ఎంచేను. సిగ్గేటి? నువ్వు మాత్రం నీ సీటు ఒదులుకుంటావేటి?"

క్షమించమని అడగాల్సింది ఆ బస్సులోనే. అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

ఎడమ వైపు మోతలు రికార్డు చెయ్యాలంటే ఆ చెయ్యి పనిచెయ్యదు కదా. కాబట్టి కొట్టాల్సింది నేను. వాళ్ళింట్లో ఫ్యాను కట్టేసి, కోళ్ళని అవతలికి తోలి, పిన్నిగారికి తాలింపు పెట్టొద్దని చెప్పి, తొమ్మిది రోజులు నాచేత ఒకే ఒక్క దెబ్బ కొట్టించారు. "సపాతీ పిండి పిసుకుతన్నావేటి?" "అది డోలకా, తలుపా?" తొమ్మిదో రోజు సాయంత్రం ఒకటి సరిగ్గా పడింది. "ఆ దెబ్బ నీదని ఎవడికీ సెప్పకు, నా పరువు పోద్ది," అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఎందుకైనా మంచిది, కుడి వైపు కూడా రికార్డు చేసి ఉంచుదామన్నాను. "ఎందుకైనా అంటే ఎందుకు?" అని నా మొహంలోకి చూశారు. తర్వాత నెమ్మదిగా, "కుడి సెయ్యి నాకుంది. దాన్ని డబ్బాలో పెట్టను," అన్నారు.

ఆ రెండేళ్ళూ పెళ్ళిళ్ళన్నీ అలాగే చేశాం. కుడి చెయ్యి తోలు మీద, ఎడమ చేతి వేలు ప్యాడ్ మీద. గట్టిమేళం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. తీసేద్దామనుకున్న మనిషి పక్కన కూర్చుని నేను అన్నం తిన్నాను, వాయించిన పెళ్ళిళ్ళకి పేరూ తెచ్చుకున్నాను. ఆయనకి నేనెంత రుణపడ్డానో నాకే తెలుసు.

పదకొండో రోజు భోజనాలయ్యాక గాయనీ నేనూ శాంప్లర్, స్పీకరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. వచ్చే నెల కె.కోటపాడులో పెళ్ళి ఒప్పుకుని ఉన్నాం. డ్రమ్ మెషిన్ తీసుకోక తప్పదేమోనని దారిలో గాయని అంది. పిన్నిగారు గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. "ఇది మీ దగ్గరే ఉండాలండి," అన్నాను.

"ఒకపాలి మోగించు బాబూ," అన్నారు తలెత్తకుండానే.

ప్యాడ్ కొట్టాను. గుమ్. గుమ్. సగం దరువు. ఒక్కో మోతకీ మధ్య కుడి చెయ్యి ఉండాల్సిన చోటు ఖాళీగా వెళ్ళిపోతోంది. నాలుగు చుట్లు కూడా వాయించలేక ఆపేద్దామనుకున్నాను.

ఆ ఖాళీలో ఏదో పడింది. పిన్నిగారి కుడి చెయ్యి, చేట అంచు మీద. రెండు గట్టిగా, మూడోది తేలిగ్గా, అచ్చం ఆయన వేసినట్టే. ఆవిడ డోలక్‌ని ఏనాడూ ముట్టుకుని ఎరగరు. పొయ్యి దగ్గర కూర్చుని నలభై ఏళ్ళు విన్నారంతే. మా వైపు చూడ్డం లేదు, తను ఏం చేస్తున్నారో తెలుసో లేదో కూడా చెప్పలేను. నేను కావాలని కొంచెం నెమ్మదించాను, ఆవిడ కూడా నెమ్మదించారు. గాయని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు కళ్ళు సరిగ్గా కనబడ్డం లేదు, అయినా ప్యాడ్ మీంచి వేలు తియ్యలేదు. ఆవిడ వేళ్ళు పడినప్పుడల్లా చేటలో బియ్యం గింజలు కొంచెం ఎగిరి పడుతున్నాయి.